మా బావ బిగించిన కంప్యూటరు

మా బావ రామకోటయ్యకు డోన్‌లో, రైల్వే స్టేషనుకు పోయే దోవలో సరుకుల అంగడి ఉంది. బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు, పప్పులు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన అదే గల్లాపెట్టె వెనక బాసింపట్టు వేసుకుని కూర్చునే ఉన్నాడు. ఆయనకు ఒక అలవాటు. పొట్లం మీద ఏమి అచ్చేసి ఉన్నా చదవడు. అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు పైకీ కిందికీ ఆడిస్తాడు, కళ్లు సగం మూస్తాడు, "తక్కువుండాది" అంటాడు. తక్కెట్లో వేసి చూస్తే తక్కువే ఉంటుంది. పెళ్లిచూపులప్పుడు మా అక్క నాగరత్నమ్మ తెచ్చిచ్చిన కాఫీ గ్లాసును కూడా అట్లాగే ఆడించి చూశాడని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. ఆయన మాత్రం, "గ్లాసు కాలుతాండె, అందుకని ఆడించినా" అంటాడు. ఎవరూ నమ్మరు.

ఇట్లాంటి మనిషికి కంప్యూటర్ల పిచ్చి ఎట్లా పట్టిందంటే, అందులో నా చేయి కూడా కొంత ఉంది. నేను కర్నూలులో బడిపంతుల్ని. రెండువేల ఒకటో సంవత్సరంలో ఎవరో చెప్పిన మాట విని ఆయన అంగడికి ఒక కంప్యూటరు కొన్నాడు. ఆ ఎండాకాలమే అది మూగబోయింది. బస్సులో వేసుకుని మా ఇంటికి తెచ్చాడు. బాగుచేసే అతని దగ్గరికి నేనే తోడుపోయినాను. అతను డబ్బా పక్కరేకు విప్పాడు. బావ వంగి లోపలికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇంతేనా?"

"ఇంతేనండి."

"సగానికి సగం ఖాళీగా ఉండాది గదప్పా! గాలిని కూడా మూటగట్టి అమ్ముతాండారే!"

ఆ మనిషి నవ్వి, గాలి ఆడకపోతే లోపలి సామాను ఉడికిపోతుందని చెప్పాడు. బావ వినలేదు. ఏ ముక్క ఏమిటి, దాన్ని తీస్తే ఏమవుతుంది, మళ్లీ పెడితే ఏమవుతుంది అని అడుగుతూనే ఉన్నాడు. అంగడి మూసే వేళయింది మొర్రో అని అతను మొత్తుకునేదాకా అక్కడే నిలబడ్డాడు. మరుసటి నెల మళ్లీ కర్నూలు వచ్చాడు. ఈసారి కంప్యూటరు తేలేదు. ముక్కలు కొనుక్కుని పోయాడు.

అప్పటి నుంచి డోన్‌లో వాళ్ల మేడమీద గది ఆయనది. అంతకుముందు అది మా అక్క వడియాల గది. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయల డబ్బాలు అన్నీ వంటింటి అటక మీదికి పోయాయి. ఆదివారం మధ్యాహ్నం అంగడి మూసి, అన్నం తిని, పంచె మడిచికట్టి మేడెక్కేవాడు. ముందు కిటికీ ఇనుప చువ్వను పట్టుకునేవాడు, ఒంట్లో ఏదైనా కరెంటు ఉంటే దిగిపోవాలని. ఆ తర్వాతే ముక్కల మీద చేయి వేసేవాడు. ప్రాసెసరు మీద, వేడి లాగడానికని, బంక పూయడం చూడాలి! తమలపాకుకు సున్నం రాసినట్టు, ఒక్క వేలితో, అంత పల్చగా. "ఎక్కువైతే నోరు కాలుతాది, తక్కువైతే పండదు" అనేవాడు. దేని గురించి చెప్తున్నాడో ఆయనకే తెలియాలి.

మా బంధువుల్లో కంప్యూటరు కావలసినవాళ్లందరికీ ఆయనే బిగించి ఇచ్చాడు. బయట కొనేదాని కంటే చవకగా వచ్చేది, కాబట్టి అందరూ మెచ్చుకున్నారు. ఒక్కటే చిక్కు. మా వైపు పాత ఇళ్లలో ఎర్తు తీగ ఉండదు. డబ్బా రేకుకు కాలో చేయో తగిలితే జిల్లుమనేది. దానికి ఆయన కనిపెట్టిన మందు, కాళ్ల కింద పీట. మా ఇంట్లో పీట లేక నేను రబ్బరు చెప్పులేసుకుని కూర్చునేవాణ్ని. ఒకనాడు మా హెడ్మాస్టరు ఇంటికొచ్చి, నడింట్లో చెప్పులతో కూర్చున్న నన్ను చూసి, ఏమీ అనకుండా తన చెప్పులు మాత్రం బయటే విడిచి లోపలికొచ్చాడు. ఆ తర్వాత బళ్లో చాలా రోజులు ఆయన నా కాళ్ల వైపే చూసేవాడు.

కాలం మారింది. పెట్టెలో పెట్టి, సీలు వేసి, బల్లతో సహా ఇంటికి చేర్చే కంప్యూటర్లు వచ్చాయి. వాయిదాల మీద కూడా ఇస్తున్నారు. బావ బిగించేదాని కంటే ధర ఎక్కువేమీ కాదు, ఒక్కోసారి తక్కువే. నందికొట్కూరులో మా చిన్నాన్న కొడుకు పెట్టెది కొన్నాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. బావ మాత్రం ఆదివారం ఆదివారం మేడెక్కుతూనే ఉన్నాడు. చేయడానికి పని లేకపోతే, అంగడి కంప్యూటరునే విప్పి, తుడిచి, మళ్లీ బిగించేవాడు.

రెండువేల ఎనిమిదిలో ఆయనకు మళ్లీ పని దొరికింది. వాళ్ల ఒక్కగానొక్క కూతురు హిమబిందు కడపలో ఇంజనీరింగు ఆఖరి సంవత్సరంలో ఉంది. ప్రాజెక్టుకు కంప్యూటరు కావాలంది. నేను ఆ రోజు డోన్‌లోనే ఉన్నాను.

"పెట్టెది కొనియ్యండి," అంది మా అక్క, వంకాయలు తరుగుతూ. "హాస్టల్లో దాని పక్కమంచం పిల్ల రమ్యశ్రీకి వాళ్ల నాయన పెట్టెదే కొనిచ్చినాడంట. తెచ్చిన రోజు నుంచి ఒక్క మాట అనిపించుకోలేదంట."

"ఊళ్లో వాళ్లందరికీ నేను బిగించిచ్చి, నా బిడ్డకు సీలేసిన డబ్బా కొనియ్యల్లనా?"

"ఊళ్లో వాళ్లు జిల్లుమంటే పీటేసుకుంటారు. పిల్ల చదువు అట్ల కాదు గదా!"

హిమబిందుకు ఫోన్ చేశారు. సెల్లు బల్ల మీద పెట్టి ముగ్గురమూ చుట్టూ కూర్చున్నాం.

"నాన్నా, మార్చిలో ప్రాజెక్టు చూపించాల. మధ్యలో ఆగిపోయిందంటే నేను మళ్లీ మొదటికి పోవాల. నాకు పనిచేసేది కావాల నాన్నా. నీ సరదాకు నన్ను బలి చేయొద్దు."

బావ ముఖం చింతపండులా అయింది. కానీ గొంతు మాత్రం అంగట్లో బేరం చేసే గొంతే.

"నీ ముందరే పెట్టి చూపిస్తా పాపా. ఆగిపోయిందనుకో, ఆ రోజే, ఆ కడపలోనే నీకు పెట్టెది కొనిచ్చి వస్తా. ఇంగ నా జన్మలో స్క్రూడ్రైవరు పట్టుకోను."

మా అక్క కత్తిపీట పక్కకు జరిపింది. "ఆ మాట ఇంగొకసారి చెప్పండి, మా తమ్ముడు కూడా వింటాడు."

ఇంకొకసారి చెప్పాడు. మా అక్క చేతులు కడుక్కుని మేడెక్కింది. వడియాల డబ్బాలు ఏ మూల పెడితే బాగుంటుందో చూసుకుని దిగింది.

సామానుకు కర్నూలు వచ్చాడు. నేను తోడు. అంగడి అంగడికీ తిప్పాడు. మదర్‌బోర్డు, ర్యాము, హార్డుడిస్కు తొందరగానే తెమిలాయి. వాటికి పేర్లున్నాయి, ఆ పేర్లు ఆయనకు తెలుసు. ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం ఆగాడు. ఎస్ఎంపీఎస్ అంటే గోడ నుంచి వచ్చే కరెంటును పలచన చేసి లోపలి ముక్కలన్నింటికీ పంచే చిన్న ఇనుప డబ్బా. దాని విషయంలో బావకు గట్టి నమ్మకం ఒకటుంది: పేరు చూడకూడదు, బరువు చూడాలి. లోపల రాగి, ఇనుము ఎంత ఎక్కువుంటే డబ్బా అంత బరువు, అంత మంచిది. తేలికది బోలుది.

ఆ అంగట్లో ఒక్కొక్క డబ్బానూ అరచేతిలో పెట్టి ఆడిస్తుంటే, అంగడి అతను నా వైపు చూసి కన్నుకొట్టాడు.

"ఏం శెట్టిగారూ, మిరపకాయలా ఏమి?"

"నీకు చదువొచ్చు, నాకు తూకమొచ్చు. ఊరికే ఉండప్పా."

ఆఖరికి ఒకటి చేతికి రాగానే ఆయన చేయి కిందికి దిగింది. కళ్లు సగం మూతపడ్డాయి. "ఇదీ సరుకు," అన్నాడు. నేను కూడా పట్టుకుని చూశాను. నిజంగానే బరువు. మా బావ చేతికి ఎదురు లేదనుకున్నాను, ఆ సంగతి అంగడి అతనికి కూడా చెప్పాను.

రెండు ఆదివారాలు కూర్చుని బిగించాడు. క్యాబినెట్‌కు పాత బొంత చుట్టి గోనెసంచిలో పెట్టాం. మానిటరును దుప్పట్లో చుట్టి ఆయన ఒళ్లో పెట్టుకున్నాడు. డోన్‌లో బండెక్కి, గుత్తిలో దిగి, అక్కడ కడపకు పోయే బండెక్కినాం. బావ మానిటరు మీద నుంచి చేయి తీయలేదు. బండి కుదిపినప్పుడల్లా వీపు నిమిరేవాడు. ఎదురు సీట్లో ముసలామె చాలాసేపు చూసి, "పాపకు జరమా సామీ?" అని అడిగింది. బావ దుప్పటి తొలగించి చూపించాడు. ఆమె ఇంకా జాలిగా చూసింది.

తాడిపత్రి దాటినాక నేను ఉండబట్టలేక అడిగాను.

"బావా, నిజం చెప్పు. ఇప్పుడు పెట్టెది కొంటే నీకేమన్నా నష్టమా?"

"నష్టం లేదు."

"మరి ఇట్ల బిగించుకుంటే లాభమా?"

"ముందు ఉండె. ఇప్పుడు లేదు."

"లాభం లేకపోతే ఇంకెందుకు ఈ తంటా?"

ఆయన కిటికీలో నుంచి బయటికి చూశాడు. బయట చూడ్డానికి ఏమీ లేదు, ఎర్రమట్టీ, రాళ్లూ.

"పొద్దున తలుపు తీసినప్పటి నుంచి నేను చేసేదంతా లాభం చూసుకునేదే గదరా వెంకటేసూ. పప్పు లాభం, బెల్లం లాభం. ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినా, వీడు మన అంగట్లో కొంటాడా లేదా అనే చూస్తాది నా కన్ను. ఇది ఒక్కటే నేను లాభం చూసుకోకుండా చేసే పని. ఇది కూడా లేకపోతే ఎట్ల?"

సంచిలో ఉన్న వేయించిన శనక్కాయలు తీసి ఆయన ముందు పెట్టాను.

హిమబిందు ఉండే హాస్టలు ఎర్రముక్కపల్లిలో. ఒకరి ఇంటినే హాస్టలుగా మార్చారు. వంటకూ కాపలాకూ ఒకటే మనిషి, మద్దమ్మ. ఆమెది ఆలూరు వైపు పల్లె. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మేము సంచీ దింపుకుని లోపలికి కాలు పెట్టబోయేసరికి గడపకు అడ్డంగా నిలబడింది.

"యాడికి శెట్టీ? ఈడనే, వసారాలోనే. మొగోళ్లు గడప దాటగూడదు."

"నేను బిందు నాయన్నమ్మా."

"ఈడికొచ్చేటోళ్లంతా నాయన్లే సామీ."

నల్లబండలు పరిచిన ఆ వసారాలోనే బొంత పరిచాం. ఇస్త్రీ పెట్టె కోసమని అక్కడ గోడకు ఒక ప్లగ్గు ఉంది. హిమబిందు, రమ్యశ్రీ వచ్చారు. వాళ్ల వెనక, గుమ్మం లోపలి నుంచి ఇంకో నలుగురు ఆడపిల్లల తలలు. బావ మా అక్క కట్టిచ్చిన కుంకుమ పొట్లం విప్పి క్యాబినెట్‌కు బొట్టు పెట్టాడు. టెంకాయ కొట్టబోతే మద్దమ్మ, "బండల మీద కొట్టగాకు, మరకైతాది" అని రోలు చూపించింది. అన్నీ అయ్యాక మీట నొక్కాడు. పంకా తిరిగింది, దీపం వెలిగింది, తెర మీద అక్షరాలొచ్చాయి. ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. బావ నా వైపు చూడలేదు గానీ, మీసం మీదికి చేయి పోయింది.

పిల్లలే దాన్ని లోపలికి మోసుకుపోయారు. మద్దమ్మ టీ ఇచ్చింది. బావ టీ నోట్లో పోసుకుంటున్నాడు గానీ చెవులు మాత్రం లోపలికే పెట్టాడు. గ్లాసులు కింద పెట్టామో లేదో, హిమబిందు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నాన్నా... ఆగిపోయింది."

"కరెంటు పోయిందేమో."

"ఫ్యాన్లు తిరుగుతాండాయి నాన్నా."

మళ్లీ వసారాలోకి తెచ్చారు. పెడితే మామూలుగానే వెలిగింది. ఆ పిల్ల తన ప్రాజెక్టు మొదలుపెట్టింది. నాలుగు గీతలు గీసిందో లేదో, టప్పున ఆరిపోయింది. మళ్లీ పెట్టారు. మళ్లీ ఆరింది. ఊరికే ఉంచితే వెలుగుతుంది, పని చెప్తే పడుకుంటుంది. లోపలి గదిలో రమ్యశ్రీ పెట్టె కంప్యూటరులో ఏదో పాట మోగుతూ ఉంది. ఆ పిల్లకే ఇబ్బందిగా అనిపించిందో ఏమో, పరుగెత్తి పోయి పాట ఆపేసి వచ్చింది. పాట ఆగిన తర్వాత వసారా ఇంకా అధ్వానంగా అయింది.

బావ చొక్కా చేతులు మడిచాడు. ఒక్కొక్క ముక్కా తీసి పేపరు మీద పరిచాడు. "పాపా, రబ్బరుందా? పెన్సిలుది చెరిపేది" అని అడిగి, దాంతో ర్యాము పళ్లు రుద్దాడు. మళ్లీ పెట్టాడు. ఆరిపోయింది. తీగలు గుంజి మళ్లీ గుచ్చాడు. ఆరిపోయింది. చెమటకు నుదుటి బొట్టు ముక్కు మీదికి కారింది. హిమబిందు తండ్రి పక్కనే గొంతుక్కూర్చుని చూస్తూ ఉంది. కోపంగా లేదు. కోపంగా ఉన్నా బాగుండేది, బావకు.

"ఆ డబ్బా కాలుతాంది నాన్నా," అని ఎస్ఎంపీఎస్ మీద వేలు పెట్టింది.

"దాని మీద అనుమానం వద్దు. బరువైన సరుకది."

"బరువుంటే?"

"బరువుంటే లోపల రాగి, ఇనుము దండిగా ఉన్నట్టు."

"నువ్వు చూసినావా?"

గాలి అమ్ముతున్నారని డబ్బా విప్పి చూసిన మనిషి, ఇన్నేళ్లలో ఆ చిన్న డబ్బాను మాత్రం ఒక్కసారి కూడా విప్పలేదు.

"విప్పు నాన్నా."

"ఇప్పుడే విప్పగూడదు పాపా. తీగ పెరికినాక కూడా కరెంటు లోపలే దాక్కోనుంటాది. చల్లబడనీ."

అది చల్లబడేలోగా మద్దమ్మ మాకు వసారాలోనే జొన్నరొట్టె, శనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. నేను రెండు తిన్నాను. బావ ఒకటి తుంచి, తుంచి, అట్లాగే పెట్టేశాడు. "తిను సామీ, దుడ్లు అడగన్లే" అంది మద్దమ్మ. అయినా తినలేదు.

తర్వాత నాలుగు స్క్రూలూ తీసి మూత ఎత్తాడు. అందరమూ వంగినాం. గుమ్మం లోపలి తలలు కూడా వంగినాయి. లోపల నాలుగైదు చిన్న చిన్న ముక్కలు, చిక్కుడుగింజంత రాగిచుట్ట ఒకటి. వాటి పక్కన, అడుగున బంకపెట్టి అతికించిన ఒక నల్లరాయి. అంచులు కోసి, ఒక వైపు నున్నగా పాలిషు పెట్టిన బండముక్క.

"యో, ఇది మన కడప బండ గదా!" అంది మద్దమ్మ. అని, ఊరుకోకుండా లేచి, వసారాలో ఏ మూలైనా బండ విరిగిందేమోనని ఒక్కొక్క అంచూ కాలితో తడుముకుంటూ పోయింది. నాలుగు మూలలూ చూసి, "మాది కాదులే" అని నిమ్మళంగా వచ్చి కూర్చుంది.

రమ్యశ్రీ మూతికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం ఆగలేదు. నేను నవ్వకూడదనుకుని ఎర్రముక్కపల్లి రోడ్డు వైపు తిరిగి, పోతున్న ఆటోలను శ్రద్ధగా చూశాను. కర్నూలులో ఆ అంగడి అతను నాకు కన్నుకొట్టింది ఎందుకో అప్పుడు అర్థమయింది. మా బావ లాంటి చేతులు ఆ వైపు ఇంకా చాలా ఉన్నట్టున్నాయి. వాటి కోసమే ఎవడో తయారు చేశాడు ఆ సరుకు.

బావ బంక ఊడగొట్టి రాయిని బయటికి తీశాడు. తీసి, అలవాటు కొద్దీ, అరచేతిలో రెండుసార్లు ఆడించాడు.

"అరకిలోకు రవ్వంత తక్కువ," అన్నాడు.

ఇంక ఎవరి వల్లా కాలేదు. రమ్యశ్రీ బండల మీద కూలబడింది. గుమ్మం లోపల తలలన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నేను ఆటోలను వదిలేశాను. హిమబిందు కూడా నవ్వింది, కళ్లలో నీళ్లొచ్చేదాకా. బావ ఒక్కడే నవ్వలేదు. రాయిని పక్కన పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని లేచాడు.

"పద పాపా. పెట్టెది కొనిస్తా. మాట మాటే."

నవ్వులు ఆగిపోయాయి. ఆయన అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు. స్క్రూడ్రైవరు తుడిచి నా చేతిలో పెట్టాడు, శవం మీద నుంచి తీసిన ఉంగరం ఇచ్చినట్టు. నాకు అది పట్టుకోబుద్ధి కాలేదు.

"అంకుల్," అంది రమ్యశ్రీ, కళ్లు తుడుచుకుంటూ. "నాదాంట్లో ఏముంటుందంటారు?"

"నీది సీలుండాది గదమ్మా. అనుమానం ఎందుకు?"

"సీలుంది కాబట్టే కదా అంకుల్ అడిగేది!"

అందరమూ ఆ గది వైపు చూశాం. హిమబిందు మాత్రం చూడలేదు. ఆ పిల్ల బొంత మీద పరిచిన ముక్కలనే చూస్తూ ఉంది.

"నాన్నా, పెట్టెది వద్దు," అంది.

"జాలి పడగాకు పాపా. నీకు పనిచేసేది కావాల."

"జాలి కాదు. మార్చిలో అది ఆగిపోతే దాని సీలు తీయడానికి నేను ఎవరి కోసమో ఎదురుచూడల్ల. ఇది ఆగిపోతే ఎందుకాగిందో ఈడ కూర్చునే చూసినాం గదా." కొంచెం ఆగింది. "కానీ దీన్ని నువ్వు బిగించొద్దు. నేను బిగిస్తా."

"నువ్వా?"

"మళ్లీ ఆగితే నువ్వు డోన్ నుంచి రావల్ల. వచ్చినా మద్దమ్మక్క నిన్ను గడప దాటనీదు."

"దాటనీను," అంది మద్దమ్మ.

బావ ముఖంలో ఏమి కదిలిందో నేను సరిగ్గా చెప్పలేను. బేరం కుదిరిందో చెడిందో తెలియని వ్యాపారి ఎట్లా ఉంటాడో అట్లా ఉన్నాడు. చెప్పులు మాత్రం విడవలేదు, ఎందుకంటే హిమబిందు అప్పటికే గేటు దగ్గర ఉంది.

ఏడురోడ్ల కూడలి దగ్గర అంగట్లో ఎస్ఎంపీఎస్‌లు నాలుగు వరసగా పెట్టారు. బావ చేయి దానంతటదే ముందుకు పోయింది.

"నాన్నా, చేతులు వెనక్కి."

డోన్‌లో పేరుమోసిన వ్యాపారి బళ్లో పిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ పిల్ల సెల్లులో టార్చి వేసి, ఒక్కొక్క డబ్బా కంతల్లో నుంచి లోపలికి తొంగి చూసింది. రాగిచుట్ట ఎంతుందని అడిగింది. పని భారం మోస్తుందో లేదో అక్కడే ఒక కంప్యూటరుకు తగిలించి, పని చెప్పి చూపించమంది. ఆరిపోతే వాపసు తీసుకుంటారా అని కూడా అడిగింది. బేరం మాత్రం ఆడలేదు. అది చూసి బావ పెదాలు కొరుక్కున్నాడు. గొంతు సవరించుకున్నాడు కూడా. పాపం, ఒక్క మాట అనలేదు.

హాస్టలుకు వచ్చాక ముక్కలన్నీ లోపలికి పోయాయి. మేమిద్దరం వసారాలో. మాకూ లోపలికీ మధ్య రమ్యశ్రీ రాయబారం.

"అమ్మా, వెడల్పుగా ఉండే తీగ, అది టక్కుమనేదాకా నొక్కమని చెప్పు."

లోపలికి పోయి వచ్చింది. "నొక్కిందంట."

"టక్కుమనిందా?"

పోయి వచ్చింది. "మనిందంట."

"పంకా గాలి బయటికి కొట్టల్లని చెప్పు."

"తెలుసంట అంకుల్."

"ప్రాసెసరు మీద బంక..."

ఈసారి రమ్యశ్రీ వెళ్లనేలేదు. అక్కడి నుంచే, "తెలుసంటుంది అంకుల్" అంది. బావ ఇంక ఏమీ అడగలేదు. బండల మీద కూర్చుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ చేతులు ఊరికే ఉండలేక, ఒకదాని వేళ్లు ఇంకోదాని వేళ్లను బిగించడం మొదలుపెట్టాయి.

పొద్దు వాలేవేళకు హిమబిందు బయటికొచ్చింది. చెంప మీద బూడిదరంగు బంక మరక. ముఖం వెలిగిపోతోంది.

"ప్రాజెక్టు మొత్తం ఒకసారి నడిపించి చూసినా నాన్నా. ఆగలేదు. మళ్లీ నడిపించినా. ఆగలేదు."

"ఆగలేదా?"

"ఆగలేదు." గుప్పిలి తెరిచింది. "కానీ ఒక స్క్రూ మిగిలింది."

బావ దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురులో పెట్టి చూశాడు. ఆ రోజు మొదటిసారి నవ్వాడు. అది మామూలు నవ్వు కాదు, పొట్ట కదిలే నవ్వు.

"మిగలకపోతేనే భయపడల్ల పాపా. నాకు ప్రతిసారీ ఒకటి మిగిలేది. మీ అమ్మకు చెప్పలేదు."

"ఇట్లియ్యి, నా దగ్గరే ఉండనీ," అని ఆ పిల్ల స్క్రూ లాక్కుని, నా చేతిలో స్క్రూడ్రైవరు కూడా లాక్కుని లోపలికి పోయింది.

రాత్రి బండికి గుత్తికి బయలుదేరాం. బావ ఒళ్లో ఇప్పుడేమీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. ఎర్రగుంట్ల వచ్చింది. ఆ తర్వాత ఉన్నట్టుండి అడిగాడు.

"వెంకటేసూ, ఆ స్క్రూ యాడిదై ఉంటాదంటావు?"

"మిగిలితేనే మంచిదంటివి గదా బావా?"

"పిల్ల ముందర అన్నాలే. మదర్‌బోర్డుదైతే? హార్డుడిస్కుదైతే?" లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు. "కొంచెం పొడుగుండాది, తల చప్పగా ఉండాది. పక్కరేకుది అయ్యుండల్ల. ఎడమరేకుది. కాదు, ఎడమరేకుది నల్లది..."

ఇంకో స్టేషను దాటింది. ఇంక ఆగలేక నా సెల్లు తీసుకుని ఫోన్ చేశాడు. గట్టిగా మాట్లాడతాడు గనుక రైలుపెట్టెలో అందరూ విన్నారు.

"పాపా, ఆ ఎడమరేకు వెనకవైపు ఒకసారి చేత్తో కదిలించి చూడు..."

అవతలి మాట నాకు కూడా వినిపించింది. "నాన్నా, అది నడుస్తాంది. నేను పని చేసుకుంటాండా. పెట్టేయ్."

బావ ఫోన్ నాకిచ్చాడు. తర్వాత ఎదురు సీట్లో తలకు తువ్వాలు చుట్టుకుని కునుకుతున్న మనిషి మోకాలు తట్టి లేపాడు.

"మా పాప," అన్నాడు. "పని చేసుకుంటాందంట."